వాటర్ టిన్నులకి ఏ సైజు బండి? టేపు పెట్టి కొలిచాకే తేలింది

తెనాలిలో మాది చిన్న వాటర్ ప్లాంటు. ఇన్నాళ్లూ అద్దె ఆటోతోనే నెట్టుకొచ్చాం. సొంత బండి కొందామనేసరికి మా బావమరిది ఒకటే పట్టు పట్టాడు: "బొలెరో పికప్ తీసుకో బావా. పెళ్లిళ్ల సీజన్లో నీకే తెలుస్తుంది." నేనేమో టాటా ఏస్ చాలనుకున్నా. చివరికి ఇద్దరి మాటా చెల్లలేదు.

నేను చూసిన ఏస్ మోసేది దాదాపు 750 కిలోలు. షోరూములో కుర్రాడేమో "అందరూ డెబ్బై టిన్నులు వేస్తారు సార్" అన్నాడు. ప్లాంటుకొచ్చి నిండు టిన్నుని కాటా మీద పెట్టా. నీళ్లు 20 కిలోలు, టిన్ను ఇంకో 700 గ్రాములు. అంటే 36 టిన్నులకే లెక్క సరి! డెబ్బై వేస్తే దాదాపు టన్నున్నర. కమాన్ కట్టల (చక్రాల పైనుండే స్ప్రింగు పట్టీల) సంగతి అలా ఉంచండి, ఓవర్‌లోడుతో పట్టుబడితే 20,000 జరిమానా, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000.

తర్వాత డెలివరీ పుస్తకం తీశా. ఎండాకాలం పక్కన పెడితే రోజుకి 100, 110 టిన్నులు. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒకటి. అంటే ట్రిప్పుకి 50, 55 వెళ్తే చాలు. పెళ్లి ఆర్డర్లు ఏడాది మొత్తం మీద పాతిక కూడా లేవు. ఆ పాతిక రోజుల కోసం ఏడాదంతా పెద్ద బండికి డీజిల్ పోయడమెందుకు? ఆ రోజుల్లో అద్దెకి తెచ్చుకోవచ్చు.

ఇక టేపు పట్టుకుని బయల్దేరా. టిన్ను అడ్డం పదిన్నర అంగుళాలు. ఏస్ కంటే పెద్దదైన టాటా ఇంట్రా వీ30 తొట్టి పొడవు 8.8 అడుగులు, వెడల్పు 5.3. అడ్డంగా ఆరు, నిలువునా బిగించి పెడితే పది, కాస్త వదులుగా తొమ్మిదే అనుకుంటే మొత్తం 54. బరువు 1,120 కిలోలు, బండి మోసేది 1,300. హెల్పర్ ఎక్కినా ఇబ్బంది లేదు. టిన్ను మీద టిన్ను ఎక్కించే పనే లేదు, నాకు బాగా నచ్చింది అదే. రెండో వరస వేస్తే సీళ్లు ఊడి దారంతా నీళ్లే.

అసలు బొలెరో వద్దనడానికి పెద్ద కారణం మా హెల్పరే. షోరూము బయట ఒక నిండు టిన్ను బొలెరో తొట్టిలోకి ఎత్తి చూడమన్నా. ఎత్తాడు గానీ, "రోజుకి వంద ఇట్టా ఎత్తాలంటే నా నడుం నాది కాదన్నా" అన్నాడు. తొట్టి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఏ కాగితంలోనూ నా కంటికి పడలేదు.

లైసెన్సు గురించి కాస్త టెన్షన్ పడ్డా, నా దగ్గరున్నది మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల లైసెన్సు). అయితే మొత్తం బరువు 7,500 కిలోల లోపుండే సరుకు బండికి అది చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది, అది తగ్గాకే బుక్ చేశా.

ఇంట్రా వచ్చింది. తొట్టిలో రబ్బరు మ్యాట్ వేయించా, తడికి రేకు తుప్పు పట్టకుండా. మారిస్‌పేటలో రెండు సందుల్లోకి మాత్రం ఇది దూరదు. ఏస్ అయితే దూరేదేమో, అద్దాలు మడిచి. ఆ ఇళ్లకి ఇప్పటికీ పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీదే, ఇటు రెండు, అటు రెండు.