నల్లగా ఉంటే గ్యాస్ ఉన్నట్టేనా?

పోయిన ఆదివారం మట్టపల్లి దగ్గర మా చిన్నాయన పొలానికి పోతే, బావి లోతు చేయిస్తుంటే పడిందని ఒక రాయి తెచ్చి చేతిలో పెట్టాడు. పొరలు పొరలుగా చీలుతోంది, బొగ్గంత నలుపు. "టీవీల షేల్ గ్యాస్ అంటుండ్రు గదా బిడ్డా, మన దాంట్ల ఉంటదా?" అన్నాడు. షేల్ అంటే బురద గట్టిపడి అయిన, పొరలుగా చీలే రాయి; దాంట్లో చిక్కుకున్న సహజ వాయువే షేల్ గ్యాస్. నేను రాళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఆయనకు గట్టు మీద కూర్చుని చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

నలుపును నమ్మొద్దు. పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం సన్నని పొడిలా కలిసినా రాయి నల్లబడుతుంది. మాకు కావాల్సింది ఒకప్పుడు బురదలో కూరుకుపోయిన నాచులాంటి జీవుల కార్బన్, అదీ బరువులో కనీసం 2 శాతం. హుజూర్‌నగర్ వైపు రాళ్ళతో ఒక చిక్కుంది, చుట్టూ సున్నపురాయే, దాంట్లోనూ కార్బన్ ఉంటుంది కానీ అది గ్యాస్ ఇచ్చే కార్బన్ కాదు, అందుకే రాయిని పొడి చేసి ఆమ్లంలో వేసి, బుసబుస పొంగడం ఆగి సున్నమంతా పోయాకే మిగిలింది కాల్చి కొలవాలి. ఇది ఎగ్గొట్టిన రిపోర్టు చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది.

కార్బన్ ఉంటే చాలదు, భూమి లోపలి వేడికి అది సరిగ్గా ఉడికి ఉండాలి. పొడిని గాలి తగలకుండా 300 డిగ్రీల నుంచి మెల్లగా వేడి పెంచుతూ, ఎక్కడ ఆవిర్లు ఎక్కువగా వస్తాయో చూస్తాం. 435 దగ్గరైతే నూనె దశ మొదలు, 470 దాటితే గ్యాస్ దశ. ఎంత ఉడికిందో తెలియడానికి మామూలుగా విట్రినైట్ అనే రేణువుల మెరుపు కూడా కొలుస్తారు, కానీ విట్రినైట్ వచ్చేది కట్టె నుంచి, మన కృష్ణ ఒడ్డు రాళ్ళు పేరుకున్న కాలానికి నేల మీద చెట్టన్నదే లేదు! ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. అందుకే వీటిలో తారులాంటి బిట్యుమెన్ గడ్డకట్టి ఉంటే దాని మెరుపు చూడాల్సి వస్తుంది. ఇంత పాత రాయి ఉడికి ఉడికి మాడిపోయి, గ్యాస్ ఎప్పుడో జారిపోయి ఉండొచ్చు కూడా.

నల్గొండ, దేవరకొండ దిక్కు గ్రానైట్‌లో అయితే వెతకనే అక్కర్లేదు.

మన దేశంలో షేల్ గ్యాస్ మొదట కనబడింది 2011లో, పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ బావిలో. అయితే గ్యాస్ ఉండటం వేరు, బయటికి రావడం వేరు. షేల్‌లో రంధ్రాలు మరీ సన్నం, నీళ్ళు, ఇసుక గట్టిగా కొట్టి పగలగొట్టాలి, ఒక్కో బావికి కోటి లీటర్లు దాటుతుంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిన ఊళ్ళున్న ఉమ్మడి నల్గొండ జిల్లా మనది. ఆ నీళ్ళు ఎక్కడివి, వాడాక ఎటు పోతాయి అన్నది కార్బన్ శాతం కంటే ముందే అడగాలని నా అభిప్రాయం.

చిన్నాయన రాయి బావిలోదే అయినా భూమి లెక్కన పైపొరదే, గాలికి, నీటికి అరిగి కార్బన్ కొంత పోయే ఉంటుంది. అయినా కవర్లో కట్టి, లోతు రాసి తెచ్చుకున్నా. రేపు ఆమ్లంలో వేస్తా.