ఆల్కహాల్, న్యూరల్ క్రెస్ట్: పార్ట్ సీలో మార్కులు ఎక్కడ పోతున్నాయి

సీఎస్‌ఐఆర్ నెట్ (రీసెర్చ్ ఫెలోషిప్‌కి, లెక్చరర్ అర్హతకి రాసే పరీక్ష) లైఫ్ సైన్సెస్ రాస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, ముఖ్యంగా బెంగళూరులో మారతహళ్ళి పీజీల్లో, విజయనగర్ రీడింగ్ రూముల్లో కూర్చుని చదువుతున్న మనవాళ్ళకి. రిజల్ట్ వచ్చింది, ఈసారి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) దక్కింది. ఏ పుస్తకాలు చదవాలో అందరూ చెబుతూనే ఉన్నారు, నేను ఆ జోలికి పోను. సిలబస్‌లో యూనిట్ 5 (పిండాభివృద్ధి)లో ఒక్క టాపిక్ పట్టుకుంటాను: పిండంలోని కణాల్ని ఆల్కహాల్ ఏం చేస్తుంది. కిందటిసారి దెబ్బ కొట్టింది ఇలాంటి ప్రయోగాల ప్రశ్నలే. పార్ట్ సీలో ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. ఒక్క తప్పు టిక్కుకి 5 మార్కుల తేడా.

నోట్సులో అందరం రాసుకునేది ఒకటే: "ఆల్కహాల్ వల్ల న్యూరల్ క్రెస్ట్ కణాలు చనిపోతాయి". న్యూరల్ క్రెస్ట్ అంటే మెదడు, వెన్నుపాము అయ్యే న్యూరల్ ట్యూబ్ పైభాగాన పుట్టి, వలస వెళ్ళి ముఖం ఎముకల్లాంటివి కట్టే కణాలు. నోట్సులో మాట నిజమే, కానీ దాంతో ఆప్షన్లు తెగవు. కణం అసలు పుట్టలేదా, పుట్టి చచ్చిందా, కదల్లేకపోయిందా, కదిలి దారి తప్పిందా? ముందు ఇది తేల్చుకోవాలి. ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ పిల్లల ముఖం, అంటే కురచ కంటి చీలికలు, నున్నటి ఫిల్ట్రమ్ (ముక్కుకీ పైపెదవికీ మధ్య గాడి), సన్నటి పైపెదవి చూసి ఆ తేడా పట్టుకోలేం. మార్కర్లు చూడాలి. క్రెస్ట్ పుట్టిందని చెప్పే జీన్లు స్నెయిల్2, ఫాక్స్‌డీ3 మామూలుగా ఉండి న్యూరల్ ట్యూబ్ పైభాగాన టునెల్ చుక్కలు (చచ్చిపోతున్న కణాల గుర్తులు) నిండితే, పుట్టి చచ్చినట్టు. టునెల్ చుక్కలు లేకుండా కణాలు ట్యూబ్ పక్కనే కుప్పపడి ఉంటే అది కదలిక సమస్య.

తర్వాత వయసు చూడండి. 1981లో సులిక్ బృందం చిట్టెలుకలకి గర్భం 7వ రోజున ఇథనాల్ ఇచ్చి, పిల్లల్లో ఇదే ముఖం చూపించింది. అది గాస్ట్రులేషన్ (పిండం మూడు పొరలుగా ఏర్పడే) దశ, మనిషిలో మూడో వారం. అప్పటికి క్రెస్ట్ ఇంకా బయల్దేరనే లేదు, దెబ్బ ముందువైపు న్యూరల్ ప్లేట్ (ట్యూబ్‌గా మడతపడబోయే పొర) మీద. కాబట్టి 7వ రోజు అని ఇచ్చి "వలస వెళ్తున్న క్రెస్ట్ చనిపోయింది" అన్న ఆప్షన్ పెడితే ముట్టుకోకండి. చాలామంది తల్లులకి కడుపుతో ఉన్నామని తెలిసేలోపే ఆ వారం గడిచిపోతుంది. ఇది మార్కుల కోసం మాత్రమే గుర్తుంచుకోవాల్సిన సంగతి కాదు.

ఇక క్రెస్ట్ కణాన్ని చంపే అసలు పాత్‌వే (సంకేతాల వరస), కోడిపిండంలో తేలింది. ఇథనాల్ తగిలిన క్షణాల్లోనే జీ ప్రోటీన్, ఫాస్ఫోలైపేజ్ సీ, ఐపీ3 మీదుగా కణం లోపలి నిల్వల నుంచి కాల్షియం బయటికి వస్తుంది. కాల్షియంతో పనిచేసే ఎంజైము కామ్‌కైనేజ్2 లేస్తుంది. దాంతో వింట్ సంకేతాన్ని మోసే బీటా కాటెనిన్ ప్రోటీన్ తగ్గిపోతుంది, ఆ సంకేతం పడిపోతుంది, కణం అపోప్టోసిస్‌లోకి (తనంతట తానే చావడంలోకి) జారుతుంది. మనం తప్పు చేసేది ఇక్కడే. బీటా కాటెనిన్ పేరు కనపడగానే చెయ్యి అలవాటుగా, మామూలుగా దాన్ని తగ్గించే జీఎస్‌కే3 ఎంజైము మీదకి పోతుంది. ఇక్కడ ముందు నడిపించేది కామ్‌కైనేజ్2.

రెస్క్యూ ప్రశ్నలకి (ఏది ఇస్తే కణం బతుకుతుంది అని అడిగేవాటికి) ఓ A4 కాగితం అడ్డంగా పెట్టి, ఈ మెట్లు వరసగా రాసి, ఒక్కో మెట్టు దగ్గర ఆగండి. ముందే బాప్టా ఇచ్చి కాల్షియాన్ని పట్టేస్తే కణం బతుకుతుంది, కింద ఏదీ కదలదు. బీటా కాటెనిన్ బయటి నుంచి ఇచ్చినా కణం బతుకుతుంది, కానీ కాల్షియం పెరుగుదల మాత్రం అలాగే కనిపిస్తుంది. రెండు ప్రయోగాల్లోనూ కణం బతికే ఉంది, కాల్షియం గ్రాఫులే వేరు. ఒక్క టాపిక్ మీద నాలుగు రోజులా అన్నవాళ్ళున్నారు. ఈ కాగితం పద్ధతి చేతికొస్తే నాచ్, హెడ్జ్‌హాగ్, ఏ పాత్‌వే ఇచ్చినా ఇదే పని. సిల్క్ బోర్డు జంక్షన్‌లో బస్సు ఆగిపోయినప్పుడు ఒక మెట్టు తీసేసి, కింద ఏం మారుతుందో నోటితో చెప్పుకోండి. రోజూ చెయ్యాలి. వారానికి ఒకరోజు పది గంటలు కూర్చుంటే రాదు.

సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రోటీన్ సంగతి క్లుప్తంగా: ఇథనాల్‌తో కోడిపిండం తలలో అది తగ్గుతుంది, తిరిగి అందిస్తే క్రెస్ట్ చావు తగ్గుతుంది. ఇక్కడ దాని పని కణాన్ని బతికించడం. క్రెస్ట్‌ని పుట్టించేది అదే అన్న ఆప్షన్ తప్పు.

మెదడులో వలస దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. సెరిబెల్లమ్ గ్రాన్యూల్ కణాలు ఇథనాల్‌తో నెమ్మదిస్తాయి. అదే పిండం మెదడు లోపలి భాగమైన మీడియల్ గాంగ్లియానిక్ ఎమినెన్స్ నుంచి కార్టెక్స్‌కి అడ్డంగా వెళ్ళే గాబా ఇంటర్‌న్యూరాన్లు ముందుగానే చేరిపోతాయి. "ఆల్కహాల్ అన్ని కణాల వలసనీ ఆపుతుంది" అన్న స్టేట్‌మెంట్ కనిపిస్తే "అన్ని" దగ్గర పెన్ను ఆపండి. కణాల్ని అంటిపెట్టే ఎల్1 ప్రోటీన్ మీద ఇథనాల్ ప్రభావం కూడా ఇక్కడే చదివేసుకోండి.

డోసు లెక్క కూడా చేతితో వేసి చూసుకోండి. లీటరు జీబ్రాఫిష్ నీటిలో 1 శాతం ఇథనాల్ అంటే 10 మిల్లీలీటర్లు, సాంద్రత 0.789, అంటే 7.89 గ్రాములు. అణుభారం 46తో భాగిస్తే సుమారు 171 మిల్లీమోలార్. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 80 మిల్లీగ్రాములుంటే అది 17 చిల్లర మిల్లీమోలార్. పదింతలు! అయితే నీటిలో ఉన్నదంతా పిండంలోకి చేరదు, దాదాపు మూడో వంతే చేరుతుంది. కాబట్టి పిండం నిజంగా చూసేది 50, 60 మిల్లీమోలార్ల దగ్గర.