గీతను నమ్మకుండా బ్రాకెట్లు వంచడం

బెంగళూరులో మా ఇంటి మేడ మీది గదిలో, సెన్సర్లకూ చిన్న మోటార్లకూ కావలసిన అల్యూమినియం ఎల్ బ్రాకెట్లను బెంచ్ వైస్‌లో (బల్లకు బిగించిన పట్టకారులో) నేనే వంచుకుంటాను. అవన్నీ ఒకే కొలతలో రావాలంటే, గీత గీసి ఆ గీతను చూసుకుంటూ వంచే పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టాలన్నది నా దృఢమైన అభిప్రాయం. కన్ను గీతను ప్రతిసారీ ఒకేలా చూడదు. రేకు అంచు వెళ్లి ఆనుకొనే ఇనుప అడ్డు మాత్రం కదలదు.

ఇక్కడి హార్డ్‌వేర్ బజారైన ఎస్‌జేపీ రోడ్డులో రేకు కొనేటప్పుడు మందంతోపాటు రకాన్ని కూడా అడగాలి. 5052-హెచ్32 అనే అల్యూమినియం రకం చిన్న వ్యాసార్ధంలోనూ చక్కగా వంగుతుంది. 6061-టి6 అనే మరో రకం అంతకన్నా బలమైనదే అయినా, అదే వ్యాసార్ధంలో మడత వెలుపలివైపు పగులు తీస్తుంది. తూకానికి దొరికే పాత ముక్కలు చవకే కాని, ఏది ఏ రకమో తెలియనందున ఈ పనికి నేను వాడను. రేకు మీద రోలర్లు వదిలిన సన్నని చారలకు మడత అడ్డంగా రావాలి. మడత పడే చోట సూదితో గీయకూడదు, పగులు అక్కడినుంచే మొదలవుతుంది.

వైస్ దవడల మీద రెండు ఇనుప యాంగిల్ (ఎల్ ఆకారపు కమ్మీ) ముక్కలను కూర్చోబెట్టి, రేకునుంచి కోసిన పట్టీని వాటి మధ్య నిలువుగా బిగిస్తాను. పట్టీ కింది అంచు ఆనుకోవడానికి వెనుక ముక్కకు బోల్టులతో ఒక అడ్డు బిగించి ఉంటుంది. ముందు ముక్క అంచును ఆకురాయితో 2 మి.మీ. వ్యాసార్ధానికి గుండ్రం చేశాను. వంచాక అల్యూమినియం కొంత వెనక్కి తెరుచుకుంటుంది కనుక, ముందు ముక్క పైతలాన్ని 3 డిగ్రీలు వాలుగా అరగదీశాను. పట్టీని దళసరి చెక్కదిమ్మతో ఆ వాలుకు పూర్తిగా ఆనేదాకా నొక్కితే, వదిలాక నా రేకు 90 డిగ్రీల వద్ద నిలుస్తుంది. మరింత గట్టి రేకైతే ఈ వాలు చాలదు. అందుకే కొత్త రేకు తెచ్చినప్పుడల్లా మొదటి ముక్కను మూలమట్టంతో పరీక్షించి చూస్తాను.

పట్టీ పొడవును లెక్కతోనే కోయాలి. వెలుపలి కొలతలు 30, 20 మి.మీ., రేకు మందం 2 మి.మీ., మడత లోపలి వ్యాసార్ధం పైన చెప్పిన 2 మి.మీ. అనుకుంటే, మడతకు ఇరువైపులా చదునుగా ఉండే భాగాలు 26, 16 మి.మీ. మిగులుతాయి. సాగకుండా, కుదించుకోకుండా ఉండే పొర లోపలి ముఖంనుంచి సుమారు 0.4 వంతు మందంలో ఉంటుందని తీసుకుంటే మడత భాగం 4.4 మి.మీ. అవుతుంది. మొత్తం 46.4 మి.మీ.; కేవలం 30, 20 కూడి 50 కోస్తే 3.6 మి.మీ. ఎక్కువవుతుంది.

ఎంత జాగ్రత్తగా కోసినా పొడవులో కొద్ది తేడా వస్తుంది, ఆ తేడా ఎప్పుడూ బ్రాకెట్ రెండు కాళ్లలో (ఎల్ భుజాల్లో) అడ్డుకు ఆనని కాలులోకే చేరుతుంది. కాబట్టి ఖచ్చితంగా ఉండవలసిన కాలునే అడ్డువైపు ఉంచి, దాని రంధ్రాలను ఆ అంచునుంచే కొలిచి ముందుగా వేస్తాను. రెండో కాలు రంధ్రాలను మాత్రం వంచిన తర్వాత, మడత వెలుపలి ముఖాన్ని ఆనించి పట్టే డ్రిల్లింగ్ జిగ్‌లో (రంధ్రం ప్రతిసారీ ఒకే చోట పడేలా చూపే అచ్చులో) వేస్తాను.