గడప లేని ఇల్లు

బెంగళూరు మారతహళ్ళిలో మా అబ్బాయి ఉండే ఫ్లాట్‌లో ఏ గదికీ గడప లేదు. చక్కగా, చదునుగా, నున్నటి టైల్స్. నన్ను పడేసింది ఆ చదునే.

నాకు పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు ఉందని తేలి పదకొండేళ్ళయింది. చేతి వణుకు, చీమల బారులా కుంచించుకుపోయిన రాత, స్కానింగులు, మాత్రలు పెంచడాలు. ఇవి అందరివీ ఒకటే కథ. వణుకుతో నేను సర్దుకుపోయాను. కాళ్ళు నేలకి అతుక్కుపోవడంతో మాత్రం సర్దుకోలేకపోయాను.

కిందటేడు ఉగాదికి వారం ముందు, రాత్రి రెండున్నరకి బాత్రూంకని లేచాను. గుమ్మం దగ్గర పాదాలు ఆగిపోయాయి. ఒళ్ళు ముందుకి తూలుతోంది, కాళ్ళు రావు. బంకమట్టిలో దిగబడ్డట్టు ఉంది. "ఒరేయ్" అని పిలిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఈ జబ్బు గొంతుని కూడా తినేస్తుంది మరి. తలుపు చట్రం పట్టుకుని, హాల్లో గడియారం చప్పుడు వింటూ నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. నైటీ తడిసిపోయింది. ఈ మాట రాయకూడదనుకున్నాను, కానీ ఆ రాత్రి నాకు చావు కంటే అదే భయమేసింది. చివరికి పడ్డాను. ఆ చప్పుడుకి కోడలు పరిగెత్తుకొచ్చింది. ఎముక విరగలేదు, వెంకన్న దయ.

మర్నాడు డాక్టరు నా వైపు చూడకుండా మా వాడితో, "ఈ స్టేజ్‌లో ఇంకేం చేస్తామండీ, పడకుండా చూసుకోండి" అన్నాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నా మొహం బిగుసుకుపోయి ఉంటుంది కదా, వినపడలేదనుకున్నాడేమో. అంతా వినపడింది నాయనా.

మా తోడికోడలు ఇంకో అడుగు ముందుకేసింది. "అక్కయ్య మెట్లయితే ఎక్కేస్తుందిట, హాల్లో మాత్రం నడవలేదట!" నటిస్తున్నానని దాని భావం. అయితే అది అన్నది నిజమే. ఎందుకో నాకూ తెలిసేది కాదు.

చెప్పింది ఫిజియోథెరపీ అమ్మాయి. కన్నడ పిల్ల, నా మనవరాలి వయసు. మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గిపోతే, ఆలోచించకుండా తనంతట తాను సాగే నడక చెడుతుందట. ఎదురుగా దాటాల్సినదేదో కనపడితే మెదడు ఇంకో దారిలో కాళ్ళని కదిలిస్తుందట. మెట్టు చేసే పని అదే. నేల మీద అడ్డంగా టేపు అంటించమంది. రెండు రోజులు తడిగుడ్డ పెట్టేసరికి టేపు ఊడొచ్చింది. అప్పుడు నేనే అన్నాను, సుద్దతో ముగ్గు కర్రలు గియ్యమని. చిన్నప్పుడు ముగ్గు తొక్కితే నాయనమ్మ పిక్క మీద కొట్టేది. డెబ్బై దాటినా ముగ్గు కనపడితే నా కాలు దానంతటదే లేస్తుంది. లేచింది కూడా. "అమ్మా, దొడ్డ హెజ్జె! దొడ్డ హెజ్జె!" అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. పెద్ద అడుగు వెయ్యమని. ఆ పిల్ల కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

మా వాడు ఇదివరకు చెయ్యి పట్టి ముందుకి లాగేవాడు. ప్రేమే, కానీ లాగితే పడతాం. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే లాగకండి. ఆగనివ్వండి, నిటారుగా నిలబడి బరువు ఆ కాలి మీదికీ ఈ కాలి మీదికీ మార్చుకోనివ్వండి, తర్వాత ఒక పెద్ద అడుగు. నడిచేటప్పుడు మాట్లాడించకండి, చేతికి కప్పూ గ్లాసూ ఇవ్వకండి. మాత్ర పనిచేస్తున్న వేళలోనే వ్యాయామం చేయించండి. మాత్రలు మాత్రం మానేది లేదు, నేనూ మానలేదు.

గొంతుకి వేరే క్లాసు. వారానికి నాలుగు రోజులు, నాలుగు వారాలు, గంటసేపు "ఆ..." అని అరవడమే. పక్క ఫ్లాట్ వాళ్ళు ఏమనుకున్నారో!

జబ్బు పోలేదు. పోదు కూడా. ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు సోఫాలోంచి లేవలేను. కానీ రాత్రి రెండున్నరకి గీతలు దాటుకుంటూ వెళ్ళి వస్తున్నాను.

మొన్న తోడికోడలు వచ్చింది. నేను గీతలు దాటుకుంటూ హాల్లోకి వచ్చేదాకా గుడ్లప్పగించి చూసి, "కాఫీ ఏదక్కయ్యా?" అంది.

"వంటింట్లో ఉంది, నువ్వే తెచ్చుకో" అన్నాను. గట్టిగానే.