ఇంజిన్ ఆపినా బ్యాటరీని తాగేసిన ఆల్టర్నేటర్

పాత ట్రాక్టర్‌ను సాయంత్రం ఆపి తెల్లవారి తాళం తిప్పితే స్టార్టర్ మూలుగు తప్ప ఏమీ వినిపించని పరిస్థితి కొంతకాలంగా విసిగిస్తుండగా, అందరూ బ్యాటరీ మార్చమనే చెప్పారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ కొసల వద్ద 14.2 వోల్టులు కనిపించడంతో, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను ఎవరూ అనుమానించలేదు. నిజానికి ఛార్జింగ్ బాగున్నంత మాత్రాన దాని లోపల కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లన్నీ బాగున్నట్లు కాదు.

రాత్రంతా ఆపి ఉంచిన బండి ఆల్టర్నేటర్‌పై చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగలడం నాకు అసలు ఆధారమైంది. తాళం తీసేసి, నెగటివ్ తీగను బ్యాటరీ నుంచి విప్పి, మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల అమరికలో ఆ తీగకూ బ్యాటరీ కొసకూ మధ్య కలిపితే (ఆ స్థితిలో స్టార్టర్ ముట్టుకుంటే మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది) ఒక ఆంపియర్‌కు పైగా కరెంటు పారుతోంది. ఎలక్ట్రానిక్స్ లేని ఇలాంటి బండిలో అది దాదాపు సున్నా ఉండాలి. ఆల్టర్నేటర్ వెనుక ఉన్న సన్న ఎక్సైటర్ తీగను (ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టడానికి కరెంటు అందించేది) తీసినా అంకె కదలలేదు. బ్యాటరీకి వెళ్లే లావు తీగను విప్పగానే సున్నాకు పడిపోయింది. బ్యాటరీ కరెంటును వెనక్కి పారనిస్తున్న దోషం డయోడ్లదే. వాటి పలకను మార్పించాను, పాత బ్యాటరీయే ఇప్పటికీ బండిని లేపుతోంది.