అరకు శుక్రవారం సంత, మా అత్త, ఒక చాట

అరకు ఇప్పటికి నాలుగైదు సార్లు వెళ్లుంటాను కానీ సంత రోజు ఒక్కసారి కూడా కుదర్లేదు, ఎప్పుడూ శనాదివారాలే కదా మనకి ఖాళీ. ఈసారి నవంబర్ ఆఖర్లో శుక్రవారం సెలవు పెట్టి మా మేనత్తని కూడా బయల్దేరదీశా. ఆవిడది విజయనగరం దగ్గర పల్లెటూరు, సంత అంటే చాలు మోకాళ్ల నొప్పులు కూడా మర్చిపోతుంది.

గురువారం పొద్దున్నే వైజాగ్‌లో కిరండూల్ పాసింజర్ ఎక్కాం. ఈ లైన్ వేసింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనప ఖనిజం కోసం, మనం సీనరీలు చూసుకోడం తర్వాత వచ్చిన సంబరం. దార్లో బోలెడు సొరంగాలు, సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో కుర్రాళ్లు ఒకటే అరుపులు, పదో సొరంగానికే అత్తకి చిరాకొచ్చేసింది. పైకెళ్లాక వలిసె అనే నూనెగింజల చేలు అక్కడక్కడ పసుపుపచ్చగా కనపడ్డాయి, అప్పటికే చాలా మటుకు పూత రాలిపోయింది. రూమ్, చలి, బొంగు చికెన్, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

శుక్రవారం నేను చేసిన మొదటి తప్పు ఏంటంటే టిఫిన్ చేసి తీరిగ్గా మెయిన్ రోడ్డు షాపుల్లో కాఫీ పొడి కొంటూ కూర్చోడం. అరకు కాఫీకి 2019లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చిందని షాపు బోర్డు మీద రాసుంటే అది చదువుతూ నిలబడ్డా. అత్త మాత్రం "ఒరే, సంత ఎత్తేసాక ఎల్తావేటి, నడు" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

లోపలికెళ్లాక నాకు కాస్త నిరాశే, నిజం చెప్పాలంటే. నేను ఊహించుకున్నది అడవి తేనె, బొమ్మలు, పూసల దండలు. అక్కడ చూస్తే ఉప్పు బస్తాలు, ఉల్లిపాయలు, ప్లాస్టిక్ బిందెలు, చీరలు, రబ్బరు చెప్పులు, ఒక లైన్ లైన్ మొత్తం ఎండుచేపలు. కాసేపటికి బుర్రకెక్కింది, ఈ సంత మన కోసం పెట్టింది కాదు, కొండ మీద ఊళ్ల వాళ్లకి వారానికి సరిపడా సరుకుల కోసం. పొద్దున్నే పసుపో అల్లమో చింతపండో నెత్తిన పెట్టుకుని దిగి, అది అమ్మిన డబ్బుల్తో ఉప్పూ నూనె కొనుక్కుని మళ్లీ ఎక్కిపోతారు. వాళ్లలో వాళ్లు ఎక్కువగా ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటున్నారు, మాతో తెలుగు.

ఒక ముసలమ్మ అడ్డాకుల కట్టల పక్కన రాజ్‌మా గింజలు పోసుకుని కూర్చుంది, ఎరుపు, మచ్చలవి, రెండూ కలిపే. తూకం లేదు, డబ్బాతో కొలతే. నేను ఫోన్ తీసి కేజీకి ఎంత పడుతుందో లెక్కేద్దామని చూస్తుంటే అత్త నవ్వి, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. ముసలమ్మ మొదటి డబ్బా తలగొట్టి పోసింది. అత్త ఒప్పుకోదుగా, డబ్బా తనే తీసుకుని గోపురంలా నింపి సంచిలో పోస్తూ "లాభం" అంది, తర్వాత "రెండు". ఒకటి అనకూడదు, కొలతలో మొదటిది లాభమే, మా తాత కళ్లంలో అలాగే లెక్కపెట్టేవాడు. ముసలమ్మ పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది, గోపురంలోంచి రెండు గుప్పిళ్లు మాత్రం వెనక్కి తీసేసుకుంది, ఇద్దరూ ఇద్దరే.

చేతిపనుల సంగతికొస్తే వెదురు బుట్టలు, చాటలు, తట్టలు, కొండచీపుళ్లు, ఇంకో పక్క కమ్మరి దగ్గర కొడవళ్లు, గొడ్డళ్లు పిడి లేకుండా ఒట్టి ఇనుమే, కర్ర ఎవరిది వాళ్లే వేసుకుంటారట. ఒక చాట నాకు తెగ నచ్చేసింది. అత్త దాన్ని ఎండకేసి పట్టి సందులు చూసింది, అంచు కట్టు వేలితో లాగి చూసింది, తలూపింది. చాటలు అమ్మే ఆమె 150 చెప్పింది, నేను సిటీ అలవాటు కొద్దీ 80 అన్నా. ఆమె ఏమీ అనలేదు, చాట నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మళ్లీ దొంతర మీద పెట్టేసి అటు తిరిగి కూర్చుంది. అంతే.

"అడవికెళ్లి బొంగు కొట్టి, చీల్చి, అల్లి, ఇక్కడి దాకా మోసుకొచ్చిందిరా, నీ కాఫీ పొడికి ఎంత పోసావు ఇందాక, ఒక్క మాట అన్నావేటి?" అని అత్త అక్కడే కడిగేసింది. నేను అటూ ఇటూ ఒక రౌండ్ తిరిగి, సిగ్గు చంపుకుని మళ్లీ వెళ్లేసరికి ఆ చాట లేదు, ఎవరో కొండావిడ నెత్తిన బోర్లించుకుని పోతోంది. దాని కంటే కాస్త వదులుగా ఉన్న ఇంకోటి 150కే తీసుకున్నా, ఆమె నా మొహం చూడకుండానే చిల్లర ఇచ్చింది.

ఎండ ముదిరేసరికి సగం సంత ఖాళీ. మా సంచుల్లో రాజ్‌మా, అల్లం, పసుపు కొమ్ములు, పొడి కొట్టుకోడానికి వలిసెలు, ఒక చీపురు. వచ్చేటప్పుడు బస్సెక్కాం, ఘాట్ రోడ్డు దిగుతుంటే ఒకటే నీచు వాసన, ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరిదా అనుకున్నా. అనంతగిరి దాటాక అత్త మెల్లగా చాట కిందనుంచి పొట్లం తీసి కిటికీ వైపు జరిపింది, "భీమిలివంటరా, బాగున్నాయని తీసుకున్నా." వైజాగ్ నుంచి కొండెక్కి, వైజాగ్ పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న భీమిలి ఎండుచేపలు కొనుక్కొస్తున్నాం.