చక్రాసనంలో వంపంతా నడుము మీదే పడుతోందా?

చక్రాసనం (వెల్లకిలా పడుకుని, చేతులు, పాదాల మీద ఒంటిని విల్లులా పైకెత్తే ఆసనం) వేసినప్పుడు పక్కనుంచి ఎవరితోనైనా ఒక ఫొటో తీయించుకోండి. చాలామందికి అది చక్రంలా రాదు. ఛాతీ చదునుగా, తొడలు బిగుసుకుని, నడుము దగ్గర బెత్తెడు చోట మడత పడ్డ అట్టముక్కలా ఉంటుంది. మర్నాడు నొప్పి వచ్చేదీ సరిగ్గా ఆ బెత్తెడు చోటే. (మనం చక్రాసనం అనేదాన్ని చాలా క్లాసుల్లో ఊర్ధ్వ ధనురాసనం అంటారు. అష్టాంగ విన్యాస పద్ధతిలోనైతే చక్రాసనం అంటే వెనక్కి పల్టీ కొట్టడం. కొత్త క్లాసులో చేరితే ఏది అడుగుతున్నారో కనుక్కోండి.)

వెన్ను పొడవునా ఒకేలా వంగదు. నడుములోని 5 పూసలు వెనక్కి సులువుగా వంగుతాయి. ఛాతీ వెనకున్న 12 పూసలకు పక్కటెముకలు తగిలించి ఉంటాయి. పైగా వాటి వెనక ఎముక కొసలు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికొకటి వాలి ఉంటాయి, కాస్త వంగగానే ఒకదానికొకటి అడ్డొస్తాయి. తుంటి ముందుభాగం, భుజాలు కూడా కదలకపోతే మిగిలేది నడుమే. అందుకే టీచర్లు చక్రాసనం కోసం వచ్చినవాళ్లతో ముందు తొడల మీద పని చేయిస్తారు.

మీకు బిగువు ఎక్కడుందో ఇంట్లోనే తెలుస్తుంది. మంచం అంచున వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని ఛాతీకి హత్తుకోండి, రెండో కాలు కిందికి వేలాడనివ్వండి. వేలాడే తొడ పరుపుకు ఆనకుండా పైకి లేస్తే తుంటి ముందు కండరాలు బిగుసుగా ఉన్నట్టు. తొడ ఆని, మోకాలు మాత్రం ముందుకు చాచుకుంటే బిగువు తొడ ముందు కండరంలో ఉంది. భుజాలకైతే నేల మీద మోకాళ్లు మడిచి పడుకుని, మోచేతులు వంచకుండా చేతులు తలమీదుగా చాచండి. చేతులు నేలకు తాకేలోపే పక్కటెముకలు ఉబ్బి పైకి లేస్తున్నాయంటే, రేపు చక్రాసనంలో మోచేతులు నిటారు కావు. చేతుల్లో బలం లేదని చాలామంది దండీలు మొదలుపెడతారు గానీ, అసలు అడ్డు చంకల్లో ఉంటుంది.

తుంటికి ఆంజనేయాసనం (ఒక పాదం ముందుకు వేసి, రెండో మోకాలిని వెనక నేలకు ఆనించేది) చాలు, సరిగ్గా చేస్తే. వెనక మోకాలి కింద దుప్పటి మడత పెట్టండి. అందరూ చేసే తప్పు తుంటిని ముందుకు, కిందికి జారవిడిచి నడుమును విల్లులా వంచడం. ముందు పొత్తికడుపు లోపలికి లాగి, తోకఎముకను నేలవైపు దింపండి. అప్పటికే గజ్జల దగ్గర సాగుతున్నట్టు తెలుస్తుంది. ఆ తర్వాతే రెండు అంగుళాలు ముందుకు. ఒక్కో వైపు నిమిషం చొప్పున రెండుసార్లు. భుజాలకు కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు భుజాల వెడల్పులో కుర్చీ మీద ఆనించి, అరచేతులు కలిపి వెనక్కి మడిచి, తల చేతుల మధ్యకు వదలండి. ఇదీ ఒక నిమిషం.

ఇక ఆసనం. వెల్లకిలా పడుకుని మడమలు పిరుదులకు దగ్గరగా, పాదాలు ఒకదానికొకటి సమాంతరంగా, అరచేతులు చెవుల పక్కన. ఊపిరి వదులుతూ లేచి నడినెత్తిని నేలకు ఆనించి ఆగండి. బరువు చేతుల మీదే ఉండాలి, మెడ మీద పడకూడదు. చాలామంది ఈ మెట్టు దాటేసి ఒక్క ఊపున లేస్తారు, అప్పుడే మోచేతులు పక్కలకు విచ్చుకుపోతాయి. మోచేతులు దగ్గరికి తెచ్చుకుని, రెక్క ఎముకలు లోపలికి నొక్కి, మళ్లీ ఊపిరి వదులుతూ చేతులు చాచండి. అప్పటికీ విచ్చుకుంటుంటే మోచేతులకు కొంచెం పైన భుజాల వెడల్పుకు బెల్టు కట్టండి. పాదాలు బయటికి తిరుగుతున్నాయంటే పిరుదులు అతిగా బిగిస్తున్నారని అర్థం. ఆ కండరం తొడను బయటికి తిప్పుతుంది, నడుము అడుగున నొక్కుకుపోతుంది. తొడల మధ్య ఒక బ్లాక్ (యోగాకు వాడే ఇటుకలాంటి దిమ్మె) పెట్టి నొక్కి ఉంచండి. 5 శ్వాసలు, 3 సార్లు. శ్వాస బిగబట్టాల్సి వస్తే శక్తికి మించి వంగినట్టే.

టీచర్ సాయం విలువ తెలిసేది ఇక్కడే. టీచర్ మీ తల దగ్గర నిలబడతారు, మీరు నేలకు బదులు ఆయన చీలమండలు పట్టుకుంటారు. దాంతో మణికట్టు తక్కువ వంగితే సరిపోతుంది. రెక్క ఎముకల కింద నుంచి వేసిన పట్టీని మీరు లేస్తుండగా ఆయన తనవైపు లాగుతారు. పైకి కాదు, తనవైపు. ఆ లాగుడుతో ఛాతీ చేతుల మీదికి వచ్చి, నడుములో మడత విప్పుకుంటుంది. నడుము పట్టుకుని నిట్టనిలువుగా ఎత్తే టీచరుంటే ఆపమని చెప్పడానికి మొహమాటపడొద్దు. ఆ ఎత్తుడు వంపును మళ్లీ ఆ బెత్తెడు చోటికే తెస్తుంది. తాకే ముందు అడగడం కూడా మంచి టీచర్ పద్ధతే.

నిలబడి వెనక్కి వాలడం దీని తర్వాతి మెట్టు. మైసూరు పద్ధతిలో (అష్టాంగ విన్యాసం నేర్పే తీరు) చేతులు ఛాతీ మీద కట్టుకుని, టీచర్ తుంటి పట్టుకోగా సగం వరకు 3 సార్లు వాలి లేచి, నాలుగోసారి చేతులు నేలకు దించుతారు. తల ముందే వెనక్కి పడేస్తే బరువు మడమల మీదికి వెళ్లి తూలిపోతారు. తొడలు ముందుకు నెడుతూ, ఛాతీ పైకెత్తుతూ వాలాలి, తల ఆఖరున.

దిగాక వెంటనే పశ్చిమోత్తానాసనంలోకి (కాళ్లు చాచి కూర్చుని ముందుకు వంగడం) దూకకండి. మోకాళ్లు మడిచి ఒక నిమిషం పడుకుని, ఇటూ అటూ మెల్లగా మెలితిప్పి, అప్పుడు ముందుకు వంగండి. బీపీ అదుపులో లేనివాళ్లు, గర్భిణులు, హెర్నియా, గ్లకోమా ఉన్నవాళ్లు, వెన్నుపూస జారిందని డాక్టరు చెప్పినవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. కాలిలోకి తిమ్మిరి పాకితే ఆ రోజుకు ఆపేయాలి. రాత్రంతా పడుకుని ఉంటే వెన్నులోని డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున్నే క్లాసులో వెన్ను బిగుసుగా ఉంటుంది. సాయంత్రం చేసేవాళ్లకు ఆ బాధ తక్కువ, భోజనమయ్యాక 4 గంటలు ఆగితే చాలు.